సీసపు కోటు చాలదు

ఊళ్లోని ఎముకల ఆసుపత్రి థియేటర్‌లోనైనా, నగరంలోని క్యాథ్ ల్యాబ్‌లోనైనా రేడియేషన్ మాట ఎత్తితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. "ఏప్రాన్ వేసుకుంటున్నాం కదండీ. అయినా ఎంతసేపని, ఐదారు షాట్లేగా!" ఈ మాట అనేది ఏమీ తెలియనివాళ్లు కాదు. విరిగిన తొడను నిలబెట్టే సర్జన్లు, మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేసి మనిషిని బతికించే కార్డియాలజిస్టులు, ఏళ్ల తరబడి సి-ఆర్మ్ ఎక్స్‌రే మెషిన్‌ను తిప్పుతున్న టెక్నీషియన్లు. పెద్దవాళ్ల నోట వస్తుంది కాబట్టే కొత్తగా చేరిన నర్సు, హౌస్ సర్జన్, థియేటర్ బాయ్ దాన్ని మారుమాట లేకుండా నమ్ముతారు. అలా ఒక పొరపాటు అనుభవం పేరుతో ఒక తరం నుంచి ఇంకో తరానికి అందుతోంది.

ఆ నమ్మకంలో మూడు మాటలున్నాయి. మోతాదు తక్కువ, సీసపు కోటు ఉంటే చాలు, మిగతాది మెషిన్ చూసుకుంటుంది. మూడూ తప్పే. మూడింటి వెనకా ఉన్న అసలు తప్పు ఒకటే: రక్షణ అంటే ఒంటికి తొడుక్కునే వస్తువు అనుకోవడం. పెడల్ నొక్కినంతసేపూ ఎక్స్‌రే బొమ్మను తెర మీద కదులుతూ చూపించే ఫ్లోరోస్కోపీలో రక్షణ ఆ పెడల్ మీద ఉన్న కాలి దగ్గర మొదలవుతుంది. ఆ కాలు ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో నేర్చుకోని చోట ఎన్ని కోట్లు తగిలించినా బల్ల మీద పడుకున్న మనిషికి ఒరిగేదేమీ లేదు. ఆయనకు ఏ కోటూ ఉండదు.

"మోతాదు తక్కువ" అన్న మాట ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. మామూలు ఎక్స్‌రే తీసేటప్పుడు ట్యూబులో వందల మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆగకుండా చూసే సాధారణ ఫ్లోరోస్కోపీలో అది ఐదు మిల్లీ ఆంపియర్లు కూడా దాటదు. శరీరం దాటి వచ్చిన ఆ కాసిని కిరణాలను ఇమేజ్ ఇంటెన్సిఫయర్ పట్టుకుంటుంది. అందులోని సీజియం అయొడైడ్ పొర కిరణాలను వెలుగుగా మారుస్తుంది. ఫొటోకాథోడ్ ఆ వెలుగును ఎలక్ట్రాన్లుగా మారుస్తుంది. సుమారు 25 వేల వోల్టుల దగ్గర వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు చివరనున్న చిన్న తెర మీద పడి వేల రెట్లు ప్రకాశవంతమైన బొమ్మను ఇస్తాయి. కొత్త మెషిన్లలో ఈ పని ఫ్లాట్ ప్యానెల్ డిటెక్టర్ చేస్తుంది. ఇదంతా రాకముందు డాక్టర్లు ఎర్రద్దాలు పెట్టుకుని కళ్లను చీకటికి అలవాటు చేసుకుని, చీకటి గదిలో మసక తెరను చూసేవారు. అక్కడి నుంచి ఇక్కడికి రావడం నిజంగా గొప్ప మెరుగుదల. కాదని ఎవరూ అనరు.

అయితే ఎక్స్‌రే రెప్పపాటులో అయిపోతుంది. ఫ్లోరోస్కోపీలో కిరణాలు పెడల్ నొక్కినంతసేపూ వస్తూనే ఉంటాయి. నడుము, కటి భాగాల్లో మధ్యస్థమైన ఒళ్లున్న మనిషికి చర్మం దగ్గర నిమిషానికి 20 మిల్లీ గ్రేల మోతాదు పడడం మామూలే. ఒక ఛాతీ ఎక్స్‌రేలో చర్మానికి తగిలేది సుమారు 0.2 మిల్లీ గ్రే. అంటే ఒక్క నిమిషం పెడల్, చర్మం లెక్కలో, వంద ఛాతీ ఎక్స్‌రేలతో సమానం. ఇది మామూలు మోడ్ సంగతి. అమెరికాలో మామూలు మోడ్‌కు ఉన్న గరిష్ఠ పరిమితి నిమిషానికి 88 మిల్లీ గ్రేలు. యాంజియోలో బొమ్మలను రికార్డు చేసే సినీ మోడ్‌లో అయితే మోతాదు ఫ్లోరోస్కోపీకి పది రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఇదంతా తెలిసి "కొన్ని సెకన్లేగా" అనగలమా?

పైగా సెకన్లు మోతాదు లెక్క చెప్పవు. మన ఒంటి కండ ప్రతి మూడు నాలుగు సెంటీమీటర్లకు కిరణాలను సగానికి తగ్గిస్తుంది. అంటే రోగి మందం నాలుగు సెంటీమీటర్లు పెరిగితే అదే బొమ్మ కోసం మెషిన్ రెట్టింపు కిరణాలు పంపాలి, ఎనిమిది సెంటీమీటర్లు పెరిగితే నాలుగు రెట్లు. సన్నటి పిల్లాడి చేతికి ఐదు నిమిషాలు, భారీకాయుడి నడుముకు ఐదు నిమిషాలు గడియారంలో ఒకటే, చర్మం మీద కాదు. రిజిస్టర్‌లో "ఫ్లోరో టైమ్" మాత్రమే రాసి ఊరుకోవడం అందుకే చాలదు. చర్మం అందుకున్న మోతాదుకు దగ్గరి అంకె ఇచ్చేది మెషిన్ తెర మీద కనిపించే ఎయిర్ కెర్మా. 2006 జూన్ తర్వాత తయారైన మెషిన్లు ఆ అంకెను చూపించి తీరాలని అమెరికా నియమం పెట్టుకుంది. అంకె తెర మీదే ఉన్నా చూసే అలవాటు మనకు లేదు.

చూడకపోతే ఏమవుతుంది? చర్మానికి 2 గ్రేలు దాటితే గంటల్లో ఎర్రదనం వచ్చి పోవచ్చు. 3 గ్రేల దగ్గర వెంట్రుకలు తాత్కాలికంగా రాలతాయి. 6 గ్రేల దగ్గర పది రోజులకు అసలైన ఎర్రదనం వస్తుంది. 15 గ్రేలు దాటితే చర్మం పొరలు ఊడి తడి పుండవుతుంది. ఈ గాయాలు ఆసుపత్రిలో బయటపడవు. రోగి ఇంటికెళ్లిన వారాలకో, నెలలకో వీపు మీద, ఒక్కోసారి గీత గీసినట్టు చతురస్రంగా, మచ్చ లేస్తుంది. ఆయన చర్మం డాక్టర్ దగ్గరికి వెళతాడు. అక్కడ దాన్ని తామర అనో, పురుగు కుట్టిందనో, పడక పుండనో అనుకుంటారు. ఎవరూ "ఈమధ్య స్టెంట్ వేయించుకున్నారా?" అని అడగరు. ముక్క తీసి పరీక్షకు పంపితే ఆ చోటు ఇక మానని పుండు కావచ్చు. ఇలాంటి గాయాల నివేదికలు వచ్చాకే అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1994లో డాక్టర్లకు బహిరంగ హెచ్చరిక జారీ చేసింది. "మా దగ్గర ఒక్క కేసూ రాలేదు" అని ధీమాగా చెప్పేవారిని ఒకటే అడగాలి: వస్తే మీకు తెలిసే ఏర్పాటు మీ దగ్గర ఉందా?

ఇక రెండో మాట: కోటు ఉంటే చాలు. సిబ్బందికి తగిలేవి చాలావరకు ట్యూబు నుంచి నేరుగా వచ్చే కిరణాలు కావు. రోగి శరీరాన్ని తాకి నలువైపులా చెదిరేవి. తెల్లగోడ మీద టార్చి వేస్తే గదంతా వెలుతురు పరుచుకున్నట్టు, పెడల్ నొక్కినంతసేపూ రోగి శరీరమే కిరణాలను గదిలోకి వెదజల్లుతుంది. రోగి చర్మం మీద పడేదాంట్లో సుమారు వెయ్యో వంతు మీటరు దూరంలో ఉన్నవారికి చేరుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. రోగికి తగ్గితేనే మనకూ తగ్గుతుంది అనడానికి ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదు.

ఇదే లెక్కను కాగితం మీద వేద్దాం. నిమిషానికి 20 మిల్లీ గ్రేల చొప్పున రోజుకు మొత్తం పది నిమిషాలు పెడల్ నొక్కితే రోగుల మీద పడేది 200. మీటరు దూరంలో నిలబడ్డ మనిషికి అందులో వెయ్యో వంతు, అంటే 0.2 మిల్లీ గ్రే. ఏడాదికి 250 పని దినాలు వేసుకుంటే 50 మిల్లీ గ్రేలు. సీసపు కోటు ఆ మనిషి ఛాతీని, పొట్టను కాపాడుతుంది, నిజమే. అర మిల్లీమీటరు సీసం చెదిరిన కిరణాల్లో నూటికి 95కు పైగా ఆపేస్తుంది. మరి కళ్లు? అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో కంటి కటకానికి పరిమితిని ఏడాదికి 150 మిల్లీ సీవర్టుల నుంచి ఐదేళ్ల సగటున 20కి దించింది. శుక్లం రావడానికి అనుకున్నదానికన్నా చాలా తక్కువ మోతాదు చాలని తేలింది కాబట్టే దించింది. ఎక్స్‌రేల విషయంలో ఒక మిల్లీ గ్రేను దాదాపు ఒక మిల్లీ సీవర్టుగా లెక్కిస్తారు కాబట్టి, రోజుకు పది నిమిషాలు, తెర లేదు, సీసపు కళ్లద్దాలు లేవు అన్న లెక్కలో వచ్చిన 50 ఆ పరిమితికి రెండున్నర రెట్లు. అర మీటరు దగ్గరికి జరిగితే ఆ 50 కాస్తా 200 అవుతుంది, ఎందుకంటే దూరం సగమైతే మోతాదు నాలుగు రెట్లు.

ఇది కాగితం మీది భయం మాత్రమే కాదు. మలేసియాలో ఇంటర్వెన్షనల్ కార్డియాలజిస్టుల కళ్లను పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి పైగా కటకం వెనక భాగంలో మార్పులు కనిపించాయి. క్యాథ్ ల్యాబ్ నర్సుల్లోనూ దాదాపు సగం మందికి. రేడియేషన్ దగ్గర పనిచేయనివారిలో అది 9 శాతం. వాళ్లంతా కోటు లేకుండా పనిచేసి ఉంటారా? కోటు కంటిదాకా రాదు, అంతే.

ఎముకల థియేటర్‌లో చేతుల సంగతి ఇంకోటి. తొడ ఎముకకు రాడ్డు వేశాక కింది చివర స్క్రూలు బిగించే ఘట్టం తెలిసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. రాడ్డులోని రంధ్రం తెర మీద గుండ్రంగా కనపడాలి. కోడిగుడ్డులా కనిపిస్తే సి-ఆర్మ్ కాస్త జరపాలి. షాట్. ఇంకా కోలగానే ఉంది. కాలు కొంచెం లోపలికి తిప్పు. షాట్. ఇప్పుడు గుండ్రం. డ్రిల్ మొన రంధ్రం మధ్యలో పెట్టాలి. షాట్. అసిస్టెంటు మోకాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంటాడు, ఆ చేతివేళ్ల ఎముకలు తెర మీద రోగి ఎముక పక్కనే స్పష్టంగా కనపడుతుంటాయి. ఒక్కో షాట్ ఒక సెకను అనుకుంటే, మధ్యలో పెడల్ వదలడం మరిచిపోయిన ఆ నాలుగైదు సెకన్లు ఎవరి లెక్కలోకీ రావు. అసిస్టెంటు వేళ్లు నేరు కిరణంలో ఉన్నాయి. అక్కడ వెయ్యో వంతు లెక్క పనిచేయదు, ట్యూబు వైపున్న వేళ్లయితే రోగి ఎంత తింటున్నాడో దాదాపు అంతే తింటున్నాయి.

"అయితే సీసపు గ్లవ్స్ వేసుకుంటే సరి" అంటారు. ఇక్కడే మూడో మాట కూలిపోతుంది. మెషిన్‌కు బొమ్మ వెలుతురు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంచే ఆటోమేటిక్ వ్యవస్థ ఉంటుంది. నేరు కిరణంలోకి సీసపు గ్లవ్ వస్తే తెర మసకబారుతుంది. మెషిన్ అది మనిషి మందం అనుకుని వోల్టేజీని, కరెంటును పెంచేస్తుంది. రోగికి మోతాదు పెరుగుతుంది, చెదిరే కిరణాలు పెరుగుతాయి, గ్లవ్ కాపాడుతున్నదనుకున్న చేతికీ లాభం మిగలదు. చేతిని కిరణంలోంచి తీయడం తప్ప వేరే మందు లేదు. "కొత్త మెషిన్, అన్నీ తనే చూసుకుంటుంది" అన్న ధీమాకు ఇంతకన్నా పెద్ద జవాబు ఏముంటుంది? మెషిన్ చూసుకునేది బొమ్మ వెలుతురును. మనిషిని చూసుకునే బాధ్యత దానికి ఎవరూ అప్పజెప్పలేదు. ఫ్లాట్ ప్యానెల్ వచ్చినంత మాత్రాన మోతాదు తగ్గదు, తగ్గించుకునే మీటలు మాత్రం ఎక్కువుంటాయి. వాటిని వాడేది మనిషే.

చివరికి అందరూ చూపించే సాక్ష్యం సిబ్బందికి తగిలిన మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి. "మూడు నెలలకోసారి రిపోర్టు వస్తోంది, అంతా సున్నానే." బ్యాడ్జిని కోటు లోపల, ఛాతీ మీద పెట్టుకోవాలని నియమం. అక్కడ పెట్టుకుంటే అది కోటు కాపాడిన ఛాతీ లెక్క చెబుతుంది. కంటి గురించి, వేళ్ల గురించి ఒక్క ముక్కా చెప్పదు. అలా పెట్టుకున్నప్పటి మాట అది. టేబుల్ సొరుగులో, డ్యూటీ రూమ్ కొక్కేనికి, వేరే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు విప్పేసిన ఏప్రాన్ జేబులో ఉండిపోయిన బ్యాడ్జి సున్నానే చూపిస్తుంది. ఆ సున్నా సొరుగు ఆరోగ్యాన్ని చెబుతోంది, మనిషి ఆరోగ్యాన్ని కాదు. కోట్ల సంగతీ అంతే. కేసు అవగానే మడిచి స్టూలు మీద పడేసిన కోటులో సీసం మడతల దగ్గర చిట్లుతుంది. ఆ చిట్లు బయటికి కనపడదు. కోటును హ్యాంగర్‌కు వేలాడదీసి, ఏడాదికోసారైనా ఫ్లోరోస్కోపీ కింద పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఎన్ని చోట్ల చూస్తున్నారు?

"ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, నాకేమీ కాలేదు" అనే మాట చాలా పాతది. 1896లో ఎడిసన్ కాల్షియం టంగ్‌స్టేట్ తెరతో ఫ్లోరోస్కోపు తయారు చేసినప్పుడు ఆయన సహాయకుడు క్లారెన్స్ డాలీ రోజూ తన చేతినే కిరణంలో పెట్టి పరీక్షించేవాడు. మొదట ఏమీ కాలేదు. తర్వాత చేతులు కాలాయి, పుండ్లు పడ్డాయి, క్యాన్సర్ వచ్చి చేతులు తీసేయాల్సి వచ్చింది. 1904లో, నలభై ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. ఎడిసన్ ఎక్స్‌రేల పని మానుకున్నాడు. 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఎక్స్‌రే, రేడియం పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారికి స్మారక స్తంభం నిలిపినప్పుడే దాని మీద 169 పేర్లు చెక్కారు. నేటి మోతాదులకు, ఆనాటి మోతాదులకు పోలిక లేదు, నిజమే. కాని ఆలస్యంగా బయటపడే గుణం మారలేదు. శుక్లం ఏళ్లకు వస్తుంది, క్యాన్సర్ ప్రమాదం దశాబ్దాలకు తేలుతుంది. ఈ రోజు ఏమీ కాలేదన్న సాక్ష్యంతో పాతికేళ్ల తర్వాతి సంగతి తేల్చలేం. ఇరవై ఏళ్లు బాగున్న ఒక సర్జన్ మాట, ఆయన పక్కన నిలబడ్డ పాతికేళ్ల నర్సుకు హామీ కాదు.

ఎదుటివారి వాదనలో గట్టి ముక్క ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. "గుండెపోటుతో రోగి బల్ల మీద ఉన్నాడు. నేను సెకన్లు లెక్కపెట్టాలా, ప్రాణం కాపాడాలా?" ప్రాణమే కాపాడాలి. అవసరమైన నిమిషం ఒక్కటి కూడా తగ్గించమని ఎవరూ అనడం లేదు. ఫ్లోరోస్కోపీ భయంతో యాంజియో వద్దనే రోగిది ఇంకా పెద్ద తప్పు. కోసి తెరవాల్సిన ఆపరేషన్లను చిన్న రంధ్రంతో ముగించే వీలు ఇచ్చింది ఈ విద్యే. మా పేచీ అవసరమైన నిమిషంతో కాదు, అనవసరమైన నిమిషంతో. తెర వైపు ఎవరూ చూడనప్పుడు కూడా నొక్కి ఉంచిన పెడల్‌తో. మానిటర్ మీద చివరి బొమ్మ నిలిచే ఉన్నా, దాన్ని చూసి మాట్లాడుకోగలిగి ఉండీ, మళ్లీ నొక్కే కాలితో. అలాంటి నిమిషాలు ఏ ప్రాణాన్నీ కాపాడవు.

ఖర్చు సంగతి కూడా ఇంతే. "చిన్న నర్సింగ్ హోమ్‌లో ఇవన్నీ సాధ్యమా?" అంటారు. తగ్గించే పద్ధతుల్లో ఎక్కువ వాటికి పైసా అక్కర్లేదు. ట్యూబును రోగికి దూరంగా, డిటెక్టర్‌ను రోగికి ఆనించినంత దగ్గరగా పెట్టాలి. నడుము, తుంటి కేసుల్లో ట్యూబు బల్ల కింద ఉండాలి, అప్పుడు చెదిరిన కిరణాల్లో ఎక్కువ భాగం తల వైపు కాక నేల వైపు పోతుంది. పక్క నుంచి చూసేటప్పుడు ట్యూబు వైపు కాక డిటెక్టర్ వైపు నిలబడాలి. చూడాల్సిన చోటుకే కిరణాన్ని కుదించాలి. మాగ్నిఫికేషన్ అవసరమైనప్పుడే వాడాలి. సెకనుకు 30 పల్సులు అలవాటైన చోట 15 చాలదా, 7.5 చాలదా అని చూసుకోవాలి. ఎముకల కేసుల్లో చాలావరకు చాలుతుంది. చిన్నపిల్లలకు, చెదిరిన కిరణాలను వడగట్టే గ్రిడ్‌ను తీసేయాలి. షాట్ ముందు "ఎక్స్‌రే" అని గట్టిగా చెప్పి, అవసరం లేనివారు ఒక్క అడుగు వెనక్కి వేయాలి. అర మీటరు నుంచి మీటరుకు వేసిన ఆ ఒక్క అడుగు మోతాదును నాలుగో వంతుకు తెస్తుంది. ఇందులో కొనాల్సింది ఏముంది?

మన దేశంలో నియమాలు లేక కాదు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ బోర్డు ఉంది, 2004 రేడియేషన్ రక్షణ నియమాలు ఉన్నాయి, మెషిన్ నడపడానికి అనుమతి, రేడియేషన్ భద్రతాధికారి, సిబ్బందికి బ్యాడ్జి తప్పనిసరి. సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీ సీవర్టులు దాటకూడదన్న హద్దు ఉంది. కానీ తనిఖీకి వచ్చినవారు చూసేది ఫైలు. పెడల్ మీది కాలిని చూడాల్సింది ఆ థియేటర్‌లో నిలబడ్డవారే. అక్కడే మన అసలు జబ్బు ఉంది. "సార్, పెడల్ వదలండి" అని చెప్పే ధైర్యం టెక్నీషియన్‌కు లేదు. చెప్పినా విసుగు తప్ప జవాబు ఉండదు. చాలా చోట్ల టెక్నీషియన్ స్థానంలో శిక్షణ లేని వార్డ్ బాయ్ ఉంటాడు, అతనికి చెప్పాలని కూడా తెలియదు. బ్యాడ్జి లేని ఆయమ్మ ట్రే పట్టుకుని గదిలోకి వచ్చి వెళుతుంది, గర్భంతో ఉన్న నర్సు విషయం బయటపెడితే ఉద్యోగం ఏమవుతుందో అని నోరు మెదపదు. కోటు చాలన్న నమ్మకం ఈ మౌనాలన్నిటికీ కాపలా కాస్తోంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. పెడల్ నొక్కే ప్రతి డాక్టరుకూ, రేడియాలజిస్టు కాకపోయినా, ముందు శిక్షణ ఉండాలి, కత్తి పట్టడం నేర్పకుండా ఎవరికీ కత్తి ఇవ్వం కదా. ప్రతి కేసు చివర ఎయిర్ కెర్మా అంకె రోగి డిశ్చార్జి కాగితంలో రాయాలి. 5 గ్రేలు దాటితే వీపు చూసుకోమని, ఎర్రదనం వస్తే మళ్లీ రమ్మని రోగికి చెప్పాలి, కొన్ని వారాలు ఫోను చేసి కనుక్కోవాలి. క్యాథ్ ల్యాబ్‌లో వేలాడే సీసపు తెర, కళ్లద్దాలు కోటుతో సమానంగా తప్పనిసరి కావాలి. థియేటర్‌లో అందరికన్నా చిన్న ఉద్యోగికి కూడా "పెడల్" అని గుర్తు చేసే హక్కు ఉందని యూనిట్ చీఫే తన నోటితో చెప్పాలి. ఆయన చెబితేనే ఆ హక్కు నిలబడుతుంది.

సీసపు కోటును ఎవరూ తీసేయమనడం లేదు. వేసుకోండి, సరిగ్గా వేసుకోండి, హ్యాంగర్‌కు తగిలించండి. అయితే దాన్ని చూపించి మాట దాటవేయకండి. మీ కోటు మీ ఛాతీని కాపాడుతుంది. బల్ల మీద మత్తులో ఉన్న మనిషిని, మీ పక్కన కాలు పట్టుకుని నిలబడ్డ కుర్రాడిని కాపాడేది మీరు సమయానికి పెడల్ మీద నుంచి తీసే కాలు మాత్రమే. అది మీ చేతిలో ఉన్న పని, ఈ రోజు మొదటి కేసుతోనే మొదలుపెట్టగల పని. మొదలుపెట్టకపోవడానికి ఇప్పటిదాకా చెప్పుకుంటున్న కారణాల్లో ఒక్కటీ నిలబడదు.